చెక్డ్ ఎక్సెప్షన్లు తప్పనిసరి చేయాలా? చెప్పి తీరాలనడం సరే, జావా పద్ధతి మాత్రం వద్దు

మీరు అడిగినవి రెండు. ఏ ప్రోగ్రామింగ్ భాషైనా జావాలాగా చెక్డ్ ఎక్సెప్షన్లను తప్పనిసరి చేయాలా అన్నది ఒకటి. (ఎక్సెప్షన్ అంటే నడుస్తున్న కోడ్ విసిరే వైఫల్య సంకేతం; అది వస్తే ఏం చేయాలో రాయకపోతే, కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోనిది చెక్డ్.) మీ జావా ప్రాజెక్టులో ఉన్నవాటన్నిటినీ కంపైలర్ అలా అడగని రన్‌టైమ్ ఎక్సెప్షన్లుగా మార్చేద్దామని జట్టులో కొందరు పట్టుబడుతున్నారు, ఒప్పుకోవాలా అన్నది రెండోది. నేను చాలా ఏళ్లు జావాలో, తర్వాత కోట్లిన్‌లో సర్వర్ కోడ్ రాశాను. ఈమధ్య రస్ట్‌లో పనిచేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒక ఫంక్షన్ ఎలా విఫలం కావచ్చో దాని సిగ్నేచర్‌లోనే, అంటే ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే మొదటి లైనులోనే కనబడాలి, ఆ పని కంపైలరే దగ్గరుండి చేయించాలి. అయితే జావా చేయించిన తీరును కొత్త భాషలు తీసుకోకూడదు.

1996లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ జావా నియమం మారలేదు. రన్‌టైమ్ ఎక్సెప్షన్, ఎర్రర్ అనే రెండు కుటుంబాలు కాక మిగతా ఏ ఎక్సెప్షన్ వచ్చే వీలున్నా అక్కడే క్యాచ్ చేయాలి (పట్టుకుని ఏం చేయాలో రాయాలి), లేదా త్రోస్ అని ప్రకటించి పైకి పంపాలి. ఇదంతా కంపైలర్ చూసుకునేదే, తయారైన కోడ్‌ను నడిపే జేవీఎమ్‌కు ఈ తేడాతో పనే లేదు. ఉద్దేశం మంచిదే. చిక్కంతా ఏది చెక్డ్, ఏది కాదు అన్న విభజనలో ఉంది. ఆ నిర్ణయం లైబ్రరీ రాసేవాళ్ల చేతిలో ఉంది. ఒక వైఫల్యం నుంచి తేరుకోగలమా లేదా అన్నది తెలిసేది మాత్రం ఆ లైబ్రరీ కోడ్‌ను పిలిచేవాళ్లకే.

జావా సొంత లైబ్రరీలోనే చూడండి. వాడుకరి టైప్ చేసిన అక్షరాలను అంకెగా మార్చే పార్స్‌ఇంట్ విఫలం కావడం రోజూ జరిగేదే, మళ్లీ అడిగితే సరిపోతుంది. అది విసిరే నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ చెక్డ్ కాదు. అదే యూఆర్ఎల్ ఎన్‌కోడర్‌కు అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి (ఎన్‌కోడింగ్) పేరు 'యూటీఎఫ్-8' అని స్ట్రింగ్‌గా ఇచ్చామనుకోండి, ఆ ఎన్‌కోడింగ్ దొరకకపోతే ఎలా అని క్యాచ్ రాయమంటుంది. యూటీఎఫ్-8 లేని జావా ఉండకూడదని జావా స్పెసిఫికేషనే చెబుతోంది. ఎన్నటికీ నడవని ఆ క్యాచ్ బ్లాకును జావా 10లో ఇంకో మెథడ్ చేర్చేదాకా అందరం రాశాం. ఇలా ఒకటికి పదిసార్లు అర్థం లేని చోట క్యాచ్ రాయిస్తే, అర్థమున్న చోట కూడా చెయ్యి అలవాటుగా అదే రాస్తుంది.

ఆ అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో ఒక ప్రాజెక్టులో దగ్గరగా చూశాను. రాత్రిపూట ఫైళ్లు చదివి రికార్డులను డేటాబేస్‌లోకి ఎక్కించే జాబ్ అది. ఒక్కో ఫైలునూ లైను తర్వాత లైను చదివి లిస్టులో పెట్టి తిరిగిచ్చే మెథడ్ ఒకటుంది. ఆ లూపు చుట్టూ ఐఓ ఎక్సెప్షన్‌కు (చదవడం, రాయడంలో వచ్చే తప్పుకు) క్యాచ్, అందులో తప్పు ఏ పిలుపుల గుండా వచ్చిందో చూపే స్టాక్ ట్రేస్‌ను ముద్రించే, ఎడిటర్ తానే రాసిచ్చిన ప్రింట్ స్టాక్ ట్రేస్ లైను, కింద మామూలుగానే రిటర్న్ లిస్ట్. ఒక రాత్రి ఫైలు సగంలో ఉండగా నెట్‌వర్క్ డిస్క్ తెగిపోయింది. అప్పటిదాకా చదివిన సగం లిస్టే బయటికొచ్చింది, డేటాబేస్‌లోకి ఎక్కింది, జాబ్ విజయవంతం అని నమోదైంది. స్టాక్ ట్రేస్ స్టాండర్డ్ ఎర్రర్‌కు పోయింది, ఆ సర్వర్‌లో దాన్ని ఎవరూ సేకరించడం లేదు. మొత్తాలు తేడాగా ఉన్నాయని చివరికి లెక్కలు చూసేవాళ్లు చెబితే తెలిసింది. అసలు క్యాచ్ అనేదే లేకపోతే ఆ రాత్రే జాబ్ ఆగిపోయేది, తెల్లారేసరికి అందరికీ తెలిసేది. కంపైలర్ బలవంతం మీద రాసిన కోడే వైఫల్యాన్ని దాచిపెట్టింది. చెక్డ్ ఎక్సెప్షన్ల మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

రెండో అభ్యంతరం భాషలో ఇమడకపోవడం. 2014లో జావా 8తో లాంబ్డాలు, అంటే పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్లు వచ్చాయి. స్ట్రీమ్‌లో (వరుసగా వచ్చే విలువల్లో) ఒక్కోదాని మీదా ఫంక్షన్ నడిపే మ్యాప్‌కు ఇచ్చే ఫంక్షన్ ఇంటర్‌ఫేస్‌లో త్రోస్ లేదు కాబట్టి అందులో ఫైలు చదవాలంటే లాంబ్డా లోపలే ట్రై, క్యాచ్ పెట్టాల్సిందే. జావా లైబ్రరీ రాసినవాళ్లకూ వేరే దారి దొరకలేదు. అదే వెర్షన్‌లో అన్‌చెక్డ్ ఐఓ ఎక్సెప్షన్ అనే క్లాసు చేర్చారు, ఫైల్స్.లైన్స్ ఇచ్చిన స్ట్రీమును చదువుతుండగా డిస్క్ తప్పు వస్తే దాన్నే విసురుతుంది.

సీషార్ప్ భాష చెక్డ్ ఎక్సెప్షన్లను మొదటే వద్దనుకుంది. దాని రూపకర్త ఆండర్స్ హెల్స్‌బర్గ్ 2003 నాటి ఇంటర్వ్యూలో ముఖ్యంగా రెండు కారణాలు చెప్పారు: తర్వాతి వెర్షన్‌లో ఒక మెథడ్‌కు కొత్త ఎక్సెప్షన్ చేర్చితే పిలిచేవాళ్లందరి కోడూ విరుగుతుంది, సిస్టమ్ పెద్దదయ్యేకొద్దీ త్రోస్ జాబితా చాంతాడంత అవుతుంది. రెండోది నేనూ చూశాను. చివరికి అందరూ త్రోస్ ఎక్సెప్షన్ అని రాసి చేతులు దులుపుకుంటారు, ఇక ఆ సిగ్నేచర్ చదివినా తెలిసేది ఏమీ ఉండదు.

ఇంతవరకూ చదివి, అయితే తీసేస్తే సరిపోతుందిగా అనుకోవద్దు. తీసేసిన చోటా పనిచేశాను. కోట్లిన్‌లో చెక్డ్ ఎక్సెప్షన్లు లేవు, జావా మెథడ్‌ను పిలిచినా దాని త్రోస్‌ను కంపైలర్ పట్టించుకోదు. మా సర్వీసులో సెట్టింగులను వేరే సర్వర్ నుంచి తెచ్చుకునే పని ఒకటి షెడ్యూల్డ్ ఎగ్జిక్యూటర్ (పనులను వేళకు నడిపే జావా క్లాసు) మీద నిర్ణీత వ్యవధిలో నడిచేది. ఒకసారి కనెక్షన్ దొరక్క ఐఓ ఎక్సెప్షన్ బయటికి వచ్చింది. అలా నడిపే షెడ్యూల్ ఎట్ ఫిక్స్‌డ్ రేట్ మెథడ్ డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యముంది: ఒక్క పర్యాయం ఎక్సెప్షన్ వచ్చినా ఆ తర్వాతివి ఇక నడవవు. ఆ ఎక్సెప్షన్ వెళ్లి ఫ్యూచర్‌లో (పని ఫలితాన్ని దాచే ఆబ్జెక్టులో) కూర్చుంటుంది, దాన్ని తెరిచి చూసే కోడ్ లేదు. లాగ్‌లో ఒక్క లైను పడలేదు, సర్వీసు పాత సెట్టింగులతోనే నడుస్తూ పోయింది. ఇదే జావాలో అయితే రన్నబుల్ (ఎగ్జిక్యూటర్‌కు ఇచ్చే పని) లోపల ఆ పిలుపును కంపైలర్ ఒప్పుకునేది కాదు, ఇక్కడ విఫలమైతే ఏం చేస్తావని అడిగేది. (రన్‌టైమ్ ఎక్సెప్షన్ వచ్చివుంటే జావాలోనూ ఇంతే అయ్యేదన్నది నిజమే.) ఆ ప్రశ్న విలువ నాకు అప్పుడు బాగా తెలిసింది.

అందుకే నాకు రస్ట్ దారి నచ్చింది. వైఫల్యం రిజల్ట్ అనే మామూలు టైపులో వస్తుంది. దాన్ని విప్పకుండా లోపలి విలువ చేతికి రాదు, అసలు పట్టించుకోకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది. పైకి పంపాలంటే పిలుపు చివర ఒక్క ప్రశ్నార్థకం చాలు. ఖాళీ క్యాచ్ ఎవరైనా ఎందుకు రాస్తారంటే సరైన పని చేయడం కంటే అది తేలిక కాబట్టి. ఇక్కడ అన్నిటికంటే తేలికైన పని నిజాయితీగా పైకి పంపడమే. రిజల్ట్ మామూలు టైపే కాబట్టి లాంబ్డాల దగ్గర గొడవ లేదు: జాబితా మొత్తం మీద మ్యాప్ నడిపి కలెక్ట్ చేస్తే మొదటి వైఫల్యం దగ్గర ఆగి అదే చేతికొస్తుంది. ప్రోగ్రామర్ తప్పులకు, పనిని అక్కడే ఆపేసే ప్యానిక్ విడిగా ఉంది. హెల్స్‌బర్గ్ చెప్పిన వెర్షన్ల సమస్య ఇక్కడా పూర్తిగా పోలేదు, ఎర్రర్ ఈనమ్‌కు (ఎర్రర్ రకాలను వరుసగా చెప్పే టైపుకు) కొత్త రకం చేర్చితే అన్ని రకాలనూ విడివిడిగా చూసే కోడ్ విరుగుతుంది. దానికి ఇంకా రకాలు రావచ్చని చెప్పే నాన్ ఎగ్జాస్టివ్ అనే గుర్తు పెట్టుకోవచ్చు. అప్లికేషన్ పైపొరల్లో చాలామంది అన్ని ఎర్రర్లనూ ఒకే టైపులో పోసేస్తారు. నా దృష్టిలో అది తప్పు కాదు, అంత పైన ఏది వచ్చినా చేసే పని ఒకటే.

ఇక మీ ప్రాజెక్టు సంగతి. అన్నిటినీ రన్‌టైమ్‌గా మార్చేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే, ఒప్పుకోవద్దు. ఒక్కో ఎక్సెప్షన్‌కూ దాన్ని విసిరే మెథడ్‌ను నేరుగా పిలిచే కోడ్ చూడండి. వైఫల్యం వస్తే అక్కడ వేరే దారి పట్టే వీలుంటే, అంటే ఇంకో సర్వర్‌ను అడగడమో వాడుకరికి మళ్లీ అవకాశమివ్వడమో, చెక్డ్‌గానే ఉంచండి, దానికి మీ పని రంగంలో అర్థమయ్యే పేరు పెట్టండి. వేరే దారి లేకపోతే రన్‌టైమ్ ఎక్సెప్షన్‌లో చుట్టి పంపండి. చుట్టేటప్పుడు అసలు ఎక్సెప్షన్‌ను కాజ్‌గా (మూలకారణంగా) ఇవ్వడం మాత్రం ఎప్పుడూ మానొద్దు, లేకపోతే ఏ ఫైలులో ఏం జరిగిందో చెప్పే స్టాక్ ట్రేస్ పోతుంది.

థ్రెడ్‌ను (ప్రోగ్రాములో విడిగా నడిచే పని ధారను) ఆగమని అడిగినప్పుడు వచ్చే ఇంటరప్టెడ్ ఎక్సెప్షన్‌ను ఈ లెక్కలో కలపకండి. అది విసిరేటప్పటికే థ్రెడ్ మీది ఇంటరప్ట్ గుర్తు చెరిగిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ పైకి పంపండి, వీలు కాకపోతే ప్రస్తుత థ్రెడ్ మీద ఇంటరప్ట్ పిలిచి గుర్తు తిరిగి పెట్టండి. మింగేస్తే సర్వర్ ఆపమన్నా ఆగని థ్రెడ్లు మిగులుతాయి.

ఇవన్నీ మొదలుపెట్టేముందు కోడంతా వెతికి ఖాళీ క్యాచ్‌లను, ప్రింట్ స్టాక్ ట్రేస్ ఒక్కటే ఉన్న క్యాచ్‌లను జాబితా తీయండి. రిక్వెస్టులకు, బ్యాక్‌గ్రౌండ్ పనులకు పైన ఒక్కో చోట అన్నిటినీ పట్టి లాగ్ చేసి, విఫలం అని నమోదు చేసే కోడ్ పెట్టండి. అది లేకుండా చెక్డ్ వాటిని తీసేస్తే, మా సెట్టింగుల పనికి పట్టిన గతే మీ షెడ్యూల్డ్ పనులకూ పడుతుంది.