పాఠకుల ప్రశ్నలు: అతినీలలోహిత కిరణాలు, మొక్కల బంక

ప్రశ్న: విదేశాల్లో గదుల్లో దీపాల కింద పెంచే గంజాయి మొక్కలపై అతినీలలోహిత కిరణాలు పడితే బంక ఎక్కువ ఊరుతుందని చదివాను. ఇందులో నిజమెంత? ఎండ నుంచి కాపాడుకోవడానికే మొక్క ఆ బంకను తయారు చేసుకుంటుందా?
– వృక్షశాస్త్ర విద్యార్థి, అనంతపురం

జవాబు: ఈ మాట ఊరికే పుట్టలేదు. గంజాయి బంకలో ఉండే టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం ఎక్కువగా ఉండే రకాలు రూపొందడంలో యూవీ-బి కిరణాల (అతినీలలోహిత కిరణాల్లో పొట్టి తరంగాలవి) పాత్ర ఉండవచ్చని డేవిడ్ పేట్ అనే పరిశోధకుడు 1983లో ఒక ఊహను ముందుకు తెచ్చారు. ఆ తరువాత 1987లో లైడన్, టెరమురా, కాఫ్‌మన్ అనే ముగ్గురు మేరీలాండ్ విశ్వవిద్యాలయపు గాజు ఇళ్లలో మత్తు రకం, నార రకం మొక్కలకు 40 రోజులపాటు మూడు స్థాయిలలో యూవీ-బి ఇచ్చి చూశారు. మత్తు రకంలో మోతాదు పెరిగిన కొద్దీ ఆకులలోనూ పూతలోనూ టీహెచ్‌సీ పెరిగింది. నార రకంలో ఏ పదార్థంలోనూ మార్పు రాలేదు. ఈ రెండో ఫలితాన్ని చాలామంది చదవకుండానే వదిలేస్తారు. కాన్నబినాయిడ్లు (టీహెచ్‌సీ వంటి గంజాయి రసాయనాలు) మొక్కకు యూవీ-బి నుంచి రక్షణ తెర అనే వాదన దీనితో తేలలేదని ఆ పరిశోధకులే రాశారు. ఆ జాగ్రత్త మాట మరుగున పడి, మొదటి సగం మాత్రం దీపాలు అమ్మేవారి నోట బాగా నానింది.

ఈ మధ్యకాలపు ప్రయోగాలు అందుకు ఎదురు నిలిచాయి. గంజాయి సాగు చట్టబద్ధమైన కెనడాలో, గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ బృందం 2021లో ప్రచురించిన ప్రయోగంలో రెండు రకాలకు పూత దశలో యూవీ-బి ఇచ్చారు. ఆకులు ముడుచుకొని కంచు రంగుకు తిరిగాయి, ఒక రకంలో దిగుబడి పడిపోయింది, టీహెచ్‌సీ గానీ, సీబీడీ అనే మరో కాన్నబినాయిడ్ గానీ రెండింటిలోనూ పెరగలేదు. అయితే ఆ దీపాల వెలుతురు 287 నానోమీటర్ల దగ్గర అత్యధికంగా ఉండేది. భూమిని చేరే ఎండలో అంత పొట్టి తరంగాలు దాదాపు ఉండవు కనుక, ఆ మొక్కలు సహజమైన ఎండకంటే కఠినమైన దెబ్బ తిన్నాయని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. 2022లో అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో పరిశోధనలో పొడుగు తరంగాల యూవీ-ఎ ఒక్కటే ఒక వరుసకూ, యూవీ-ఎ, యూవీ-బి కలిపి మరొక వరుసకూ ఇచ్చి చూసినా కాన్నబినాయిడ్లలో తేడా కనబడలేదు. మామూలు కాంతి తీవ్రత పెంచినప్పుడు మాత్రం పూత దిగుబడి అదే నిష్పత్తిలో పెరిగింది. కనుక బంకకు యూవీ దీపమే కీలకమన్న మాటకు నేటి ఆధారాలు నిలబడవని నా అభిప్రాయం.

మరి ఆ బంక ఎక్కడ ఊరుతుంది? ఆడమొక్క పూతను చుట్టి ఉండే చిన్న ఆకులను భూతద్దంతో చూస్తే, గుండుసూదుల్లా కాడ మీద గుండ్రటి తల ఉన్న పారదర్శకమైన గ్రంథిరోమాలు కిక్కిరిసి కనిపిస్తాయి. ఆ తలలో అడుగున పళ్లెంలా పరుచుకున్న కణాలు తయారు చేసిన కాన్నబినాయిడ్లు, వాసననిచ్చే టర్పీన్లు పైనున్న మైనపు పొర కింది ఖాళీలో చేరి, పొరను ఉబ్బిస్తాయి. ఏ కాన్నబినాయిడ్ ఎంత ఉండాలన్నది ప్రధానంగా జన్యువులు తేల్చే విషయం. యూవీ-బిని పసిగట్టే యూవీఆర్8 అనే ప్రోటీను మొక్కల్లో ఉంది. అది మేల్కొన్నప్పుడు మొక్క ముందుగా పెంచుకునేవి ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు. ఎండకు అసలు తెర అవే. బంకకు పురుగులను, పశువులను దూరంగా ఉంచే పని కూడా ఉండవచ్చు కనుక దాని ప్రయోజనాన్ని ఎండ ఒక్కదానికే కట్టిపెట్టనక్కర లేదు.

కొండల మీద యూవీ ఎక్కువ కనుక అక్కడి గంజాయికి బంక కూడా ఎక్కువని కొందరంటారు. ఆ వాదనలోనూ లోపముంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు యూవీ సుమారు పది శాతం పెరుగుతుంది, నిజమే. కానీ సూర్యుడు ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టు రెండో వారంలోనూ నడినెత్తికి వచ్చే అనంతపురం మైదానంలో, వేసవి మధ్యాహ్నపు యూవీ కూడా తక్కువేమీ కాదు. హిమాలయ ప్రాంతాల్లో తరతరాలుగా చరస్ (గంజాయి బంకతో చేసే మత్తు సరుకు) కోసం మనుషులు విత్తనం ఎంచుకుంటూ వచ్చిన ప్రభావాన్ని వదిలేసి, ఘనతంతా ఎండకే ఇవ్వడం సరికాదు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం మన దేశంలో అనుమతి లేకుండా ఈ మొక్కను పెంచితే, అది గదిలో ఒక్కటే ఉన్నా సరే, పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మీ ఆసక్తిని ప్రయోగంగా మార్చాలంటే కింది జవాబులోని సబ్జా మొక్క చాలు.

ప్రశ్న: పాలీహౌస్‌లో సబ్జా వేశాను. ఆకు ఏపుగా వచ్చింది కానీ బయట గట్టు మీద మొక్కకున్నంత వాసన లేదు. ఎరువు లోపమా?
– రైతు, కడప జిల్లా

జవాబు: నత్రజని ఎక్కువై ఆకు మెత్తబడినా, నీరు ఎక్కువైనా వాసన పలచబడుతుంది. అయితే మీ పందిరి మీది కప్పును కూడా అనుమానించాలి. 'యూవీ స్టెబిలైజ్డ్' అంటే మొక్కకు యూవీ అందించే షీటు అని కొందరు అనుకుంటారు. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారకుండా అందులో కలిపే పదార్థాల్లో కొన్ని ఆ కిరణాలను పీల్చుకుంటాయి, కనుక అలాంటి షీటు కింద లోపలికి యూవీ-బి బాగా తగ్గిపోతుంది. సబ్జాలో నూనె గ్రంథులు సరిగా ఎదగడానికి యూవీ-బి అవసరమని 2002లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అది అందని మొక్కల్లో గ్రంథులు పూర్తిగా నిండలేదు. గంజాయి విషయంలో రుజువు కాని మాట ఇక్కడ రుజువైంది. ఒక మడిని ఆరుబయటో, షేడ్‌నెట్ కిందో వేసి, అదే ఎరువు, అదే నీరు ఇచ్చి పోల్చి చూడండి. నెట్ కొంత ఎండను ఆపినా, కన్నాల గుండా యూవీ దిగుతుంది. నారును మాత్రం ఒక్కసారిగా బయట పెట్టకండి, వారంపాటు కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయండి.

ప్రశ్న: నర్సరీలో యూవీ దీపం కింద పనిచేస్తే కళ్లకు ప్రమాదమా?
– కర్నూలు

జవాబు: ప్రమాదమే. వెల్డింగ్ వెలుతురును నేరుగా చూసినవారికి రాత్రికి కళ్లు గరగరలాడి, నీరు కారి, వెలుగు చూడలేకపోయే బాధే దీనికీ కలుగుతుంది, అదీ కొన్ని గంటలు గడిచాకే మొదలవుతుంది. కనుక పని జరుగుతున్నంతసేపు ఏమీ కాలేదని ధైర్యపడరాదు. దీపం ఆర్పిన తరువాతే లోపలికి వెళ్లాలి. తప్పనిసరైతే యూవీని ఆపే కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. క్రిములను చంపే యూవీ-సి దీపాలను మొక్కల మీద వాడనే కూడదు.