చెప్పడానికి రానివాళ్లు

కవిటి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వేసవిలో నెల రోజులు సెలవు పెట్టి బెంగళూరు నుంచి వస్తున్నావట. మన ఊళ్లో తొమ్మిది, పది చదివే పిల్లల్ని కూర్చోబెట్టి, సరిగ్గా ఆలోచించడం ఎలాగో నేర్పుతావట. విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినా నాకు తట్టని సంగతి మా గుంటకి తట్టిందని గర్వంగా అనిపించింది. ఆ వెనకే టెన్షన్ కూడా వచ్చింది. అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నాను.

క్లాసు సాయంత్రం ఐదు దాటాక పెట్టు. గంట చాలు. ఒక్కొక్కరికీ ఒక నోట్‌బుక్ ఇవ్వు. నోరు తిరగని తర్కశాస్త్రం పేర్లు మొదటి వారం నల్లబల్ల మీద రాయకు.

పొగ, నిప్పులతో మొదలుపెట్టు. పొగ ఉంటే నిప్పు ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. మరి నిప్పు ఉంటే పొగ ఉండి తీరాలా అని అడుగు. ఉండాలనే అంటారు చాలామంది. అప్పుడు కొలిమికి తీసుకెళ్లి ఎర్రగా కాలిన ఇనుము చూపించు. మన తార్కికులు ఏనాడో ఇచ్చిన ఉదాహరణే అది: కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసి ఉంటే వాన పడినట్టేనా? ఎవరో కళ్లాపి జల్లి ఉండొచ్చు. కిడ్నీ పాడైతే కాళ్లు వాస్తాయి. కాళ్లు వాచిన ప్రతివాళ్లకీ కిడ్నీ పాడైనట్టేనా? తిన్నగా చెప్తే నిజమైన మాట తిరగేస్తే నిజం కానక్కర్లేదని వాళ్లకి బాగా పట్టుబడేదాకా ముందుకి వెళ్లకు. కాకి వాలింది, తాటిపండు పడింది, కాబట్టి కాకే పడేసింది అనే కాకతాళీయానికి ఒక్క రోజు చాలు.

ఇక మీ చిన్నాన్న సంగతి చెప్పాలి.

వాడికి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు, నీకు ఐదు. నిన్ను భుజాన ఎక్కించుకుని జీడితోటలో తిప్పేవాడు, గుర్తుందో లేదో. కాళ్లు వాచాయి, అన్నం సహించడం మానేసింది. విశాఖలో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, 4.8 వచ్చింది. ఉండాల్సింది ఇంచుమించు ఒకటి. డాక్టరు మాత్రలు రాశాడు, ఉప్పు మానమన్నాడు, నెలనెలా రమ్మన్నాడు, మున్ముందు డయాలసిస్ పడొచ్చన్నాడు. ఆ మాటకి ఇంట్లో అందరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఒడిశా సరిహద్దు దాటాక ఒక ఊళ్లో కిడ్నీ జబ్బుకి పసరు ఇస్తారని విన్నాను. గుడ్డిగా నమ్మలేదు. లెక్కల టీచర్ని కదా, విచారించాను. ఎవరికి తగ్గిందో కనుక్కుని ఇంటింటికీ వెళ్లాను. ఐదుగురు దొరికారు, ఐదుగురూ తగ్గిందన్నారు. నోట్‌బుక్‌లో ఐదు పేర్లు రాసి, పక్కన టిక్కులు పెట్టి వాడి ముందు ఉంచాను. "ఐదుకి ఐదు. ఇంకేం కావాలిరా?" అన్నాను. వాడికి నా లెక్క మీద నమ్మకం.

పసరు మొదలుపెట్టిన పది రోజులకి వాపు దిగింది. ఆ పది రోజులూ డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు, ఉప్పు కూడా మానేశాడు. మూడు పనులు ఒకేసారి చేసి, ఫలితమంతా పసరు ఖాతాలో వేశాను. ఆ ధైర్యంతో మాత్రలు మాన్పించాను. ఏడు నెలల తర్వాత మళ్లీ విశాఖ తీసుకెళ్లేసరికి ఆయాసంతో వెల్లకిలా పడుకోలేకపోతున్నాడు. పదకొండో రోజున పోయాడు.

దినాలు అయ్యాక మళ్లీ ఆ ఊళ్లన్నీ తిరిగాను. మొదటిసారి ఎవరికి తగ్గిందని అడిగాను. ఈసారి ఎవరెవరు తాగారని అడిగాను. పద్నాలుగు మంది తేలారు. తొమ్మిది ఇళ్లలో నాకు జవాబు చెప్పింది వాళ్ల భార్యలు, తల్లులు. మిగిలిన ఐదుగురూ నా నోట్‌బుక్‌లో ఉన్నవాళ్లే. అందులో ఇద్దరు అసలు రక్తపరీక్ష చేయించుకోనే లేదు. కాళ్లు వాచాయి కాబట్టి కిడ్నీ అనుకున్నారు, అంతే. బాగున్నవాళ్లు సంతలో కనబడతారు, బస్సులో కనబడతారు, పెళ్లిలో పక్కన కూర్చుని చెప్తారు. పోయినవాళ్లు ఎక్కడ కనబడి చెప్తారమ్మా?

ఇది ఎంత పాత పొరపాటో తర్వాత చదివి తెలుసుకున్నాను. రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో సిసెరో అనే రచయిత ఒక కథ రాశాడు. తుఫానులో మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్లు గుడిలో పెట్టించిన బొమ్మల్ని డయాగరస్ అనే గ్రీకు ఆయనకి చూపించారట. మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడా లేవే అన్నాడట ఆయన. 1620లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బేకన్ అనే తత్వవేత్త కూడా ఇలాంటి కథే చెప్పి హెచ్చరించాడు. బారువ వైపు పిల్లలకి వేటకెళ్లి తిరిగిరాని పడవల సంగతి తెలుసు. ఈ కథ వాళ్లకి ఇట్టే అందుతుంది.

అందుకని బల్ల మీద నాలుగు గడులు గీయి. మందు తాగి తగ్గినవాళ్లు, తాగినా తగ్గనివాళ్లు, తాగకుండానే తగ్గినవాళ్లు, తాగక తగ్గనివాళ్లు. నేను ఒక్క గడి నింపి మూడు ఖాళీగా వదిలేశాను. మందే కానక్కర్లేదు, ట్యూషన్, ఎరువు, మొక్కు, ఏదైనా సరే, నాలుగూ నింపందే పిల్లల్ని లేవనివ్వకు.

మన ఉద్దానంలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందని వాళ్లే అడుగుతారు. నీళ్లు అంటారు, సిలికా అంటారు, పురుగుమందులు అంటారు, ఎండలో పని అంటారు. ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇదొక్కటే కారణమని తేలలేదు. నువ్వు తేల్చేయకు. ఒకే బావి నీళ్లు తాగే రెండిళ్లలో ఒకరికొచ్చి ఇంకొకరికి ఎందుకు రాలేదో వాళ్లనే అడగనివ్వు. "ఇంకా తెలియదు" అన్నది కూడా జవాబేనని పిల్లలకి ఒప్పించడం మహా కష్టం. ఒళ్లునొప్పుల మాత్రలు అదేపనిగా మింగితే కిడ్నీకి చేటని మాత్రం తెలిసిన విషయమే. అది గట్టిగా చెప్పు.

ఒలే గుంటా, ఇప్పుడు తిడతాను, విను. నీకు వాదనలో నెగ్గడం ఇష్టం. పదో తరగతిలో ఉపవాసం గురించి అడిగి అడిగి మీ నానమ్మని ఏడిపించావు. ఆ అలవాటు ఈ పిల్లలకి అంటించకు. పసరు మాట చెప్పినప్పుడు ఒక కుర్ర డాక్టరు నలుగురి ముందూ "చదువుకున్నారు, బుద్ధి లేదా?" అన్నాడు. అతను చెప్పింది నిజమే, కానీ ఆ మాటతో నేను మరింత మొండికేశాను. మొత్తం ఎంతమంది తాగారమ్మా అని మెల్లగా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆగేదాన్నేమో అని ఇప్పటికీ అనుకుంటాను. నీ దగ్గర చదివిన పిల్ల ఇంటికెళ్లి తాతమ్మ చేతిలో వేరుమందు చూస్తే, లాక్కోకూడదు. పక్కన కూర్చుని అడగాలి.

ఆ నోట్‌బుక్ నా బీరువాలో ఉంది. నీకిస్తాను, క్లాసులో చూపించు. పేర్ల మీద మాత్రం కాగితం అంటించు, వాళ్ల మనవలు కూడా నీ ఎదురుగా కూర్చుంటారు. సోంపేటకి టికెట్ తీసుకున్నాక ఫోన్ చెయ్యి, స్టేషన్‌కి నేనే వస్తాను. పనసకాయలు అప్పటికి కూరకి అందేలా ఉన్నాయి. నీకోసం ఒకటి చెట్టు మీదే ఉంచమన్నాను.

మీ అత్త