బాబాయిని అందరి ముందు నిలదీయాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయాక నన్ను చదివించింది మా బాబాయే. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. బుధవారం ఇళ్లలో జరిగే ప్రార్థన కూటం కూడా ఆయనే నడిపిస్తారు. రెండేళ్ల క్రితం పిన్ని కిడ్నీ జబ్బుతో చనిపోయింది, ఆస్పత్రి ఖర్చులకు అర ఎకరం అమ్మారు. ఈమధ్య కూటంలో ఆయన "మాత్ర మింగుతున్నావంటే నీకు విశ్వాసం లేనట్టే" అని బోధిస్తున్నారు. అది విని మా అమ్మ ఇన్సులిన్ మానేసింది. మొన్న ఆదివారం గుడిలో దేవుడు స్వస్థపరిచాడని సాక్ష్యం కూడా చెప్పింది. ఇన్సులిన్ పెన్ మాత్రం ఇంకా ఫ్రిజ్ డోర్‌లోనే ఉంది. వచ్చే ఆదివారం ఆరాధనలో లేచి, వాక్యం చూపించి బాబాయిని నిలదీద్దామనుకుంటున్నాను. పేతురును పౌలు అందరి ముందే నిలదీశాడు కదా! నా భార్యేమో "ఆయన చేతి అన్నం తిన్నారు, ఊరుకోండి" అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆదివారం సంగతి పక్కన పెట్టండి. ఈ రోజే సెలవు పెట్టి ఊరికి వెళ్లండి. అమ్మను డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి షుగర్ పరీక్ష చేయించండి. కొన్ని రోజులు మానేశాక మళ్లీ ఎంత డోసుతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి, మీరు ఇంట్లో లెక్కలు వేయొద్దు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగతగా పడి ఉండటం లాంటివి కనిపిస్తే ఎవరినీ అడగక్కర్లేదు, 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. బోధ సరిదిద్దడానికి నెల పట్టినా ఫర్వాలేదు. ఇన్సులిన్ విషయంలో అలా ఆగడానికి లేదు.

అమ్మతో వాదన పెట్టుకోకండి. ఆవిడ ఆ పెన్ను పారేయలేదు, గమనించారా? ఆవిడకిప్పుడు అడ్డం పడుతున్నది సిద్ధాంతం కాదు, ఆదివారం చెప్పిన సాక్ష్యం అని నాకనిపిస్తోంది. అందరి ముందు మైకు పట్టుకుని "దేవుడు నన్ను ముట్టాడు, సూది మానేశాను" అన్న మనిషి, బుధవారం వచ్చేసరికి మళ్లీ సూది పొడుచుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆ టెన్షన్ చిన్నది కాదు. "నీకు బుద్ధి లేదా అమ్మా" అంటే ఇంకా బిగుసుకుపోతుంది. "ప్రార్థన చేసుకుందాం, తర్వాత ఇన్సులిన్ వేసుకుందువుగాని" అనండి. వీలైతే పాస్టర్ గారిని ఇంటికి పిలిచి ఆయన చేతే ప్రార్థన చేయించండి. మళ్లీ మైకు ముందుకొచ్చి ఆ సాక్ష్యం వెనక్కి తీసుకోమని మాత్రం ఆవిడను ఎవరూ అడగకూడదు.

ఇక బాబాయి. పౌలు, పేతురు మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉన్నది నిజమే. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోజనం చేస్తూ, యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. అది చూసి మిగతావాళ్లు, చివరికి బర్నబా కూడా అటే పోయారు. తప్పు అందరి కళ్లముందే జరిగింది, సరిదిద్దడమూ అందరి ముందే జరిగింది. కానీ పౌలు అదే పత్రిక ఆరో అధ్యాయంలో, తప్పితంలో చిక్కుకున్నవాణ్ణి సాత్వికమైన మనసుతో దారికి తీసుకురమ్మన్నాడు. తిమోతికి రాస్తూ, పెద్దవాణ్ణి గద్దించకుండా తండ్రిగా భావించి హెచ్చరించమన్నాడు. మీ బాబాయి మీకు నిజంగానే తండ్రి స్థానంలో ఉన్న మనిషి.

ఇంకో సంగతి. బాబాయి కూటంలో చెప్పిన మాటను సంఘంలోనే సరిదిద్దాలి, అది నేనూ ఒప్పుకుంటాను. ఆ మాట విని బీపీ మాత్రలు మానేసినవాళ్లు ఇంకెవరున్నారో మనకేం తెలుసు? అయితే ఆ పని పాస్టర్ గారిది. పేరెత్తకుండా ఒక ఆదివారం వాక్యంలో, "మందులు వాడటం అవిశ్వాసం కాదు, డాక్టర్ చెప్పకుండా ఎవరూ మానొద్దు" అని సూటిగా చెబితే చాలు. మీరు లేచి నిలదీస్తే జనం చూసేది వాక్యాన్ని కాదు, అబ్బాయీ బాబాయీ గొడవను. కూటానికి వచ్చేవాళ్లలో సగంమంది ఆయన పక్షాన నిలబడతారు. ఆయనా మాట వెనక్కి తీసుకోలేని స్థితిలో పడతారు. నాలుగు వచనాలు టైప్ చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టినా అదే జరుగుతుంది.

పౌలు కాలంనాటి బోధకుడు అపొల్లో సంగతి గుర్తుచేసుకోండి. సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు, కానీ అతనికి తెలిసింది సగమే. అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు అతణ్ణి చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా విడమరిచి చెప్పారు. ఆ తర్వాత అకయలో విశ్వాసులకు అతనివల్ల ఎంత సహాయం జరిగిందో అపొస్తలుల కార్యాలు 18లో ఉంది. మీ ఊరి కూటానికి బాబాయి అవసరం తీరిపోలేదు కదా?

మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన విషయం ఒకటుంది. పిన్ని చనిపోవడం, పొలం అమ్మడం. ఆయన ఈ బోధ దానికి ముందు చేశారా, తర్వాతా? తర్వాతే అయితే, ఆస్పత్రుల మీద కోపమో, "నాకే ఇంకాస్త విశ్వాసం ఉండుంటే ఆమె బతికేదేమో" అన్న బాధో లోపల ఉండొచ్చు. కాకపోనూవచ్చు. అడిగితేనే తెలుస్తుంది. ఒక్కరే వెళ్లండి. కూటం లేని రోజు, పొద్దున్నే, ఆయన టీ తాగుతూ అరుగు మీద కూర్చునే వేళకు వెళ్లండి. బైబిలు చంకన పెట్టుకుని వెళ్లొద్దు, పరీక్షకు వచ్చాడనుకుంటారు. "బాబాయ్, పిన్ని పోయాక మీతో తీరిగ్గా కూర్చున్నదే లేదు" అని మొదలుపెట్టి, ఆయన్ని మాట్లాడనివ్వండి.

తర్వాత సూటిగా చెప్పండి: "మీ మాట విని అమ్మ ఇన్సులిన్ మానేసింది. నాకు భయంగా ఉంది." ఆయన యాకోబు పత్రిక తీస్తారు, పెద్దలు నూనె రాసి ప్రార్థన చేయాలని. అవునని ఒప్పుకోండి. మందు మానమని అక్కడ లేదని మాత్రం చెప్పండి. పది వచనాలు వద్దు, యూదా రాజు హిజ్కియా ఒక్కడు చాలు. చావు జబ్బు చేస్తే ఏడ్చి ప్రార్థన చేశాడు, దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించమన్నది యెషయా ప్రవక్తే. అంతెందుకు, మన గుంటూరులో అన్నా కుగ్లర్ 1883లో వచ్చింది మిషనరీగానే, ఆవిడ వైద్యం చేసే డాక్టర్ కూడా. 1898లో ఆవిడ తెరిచిన ఆస్పత్రిలో పుట్టినవాళ్లు మీ సంఘంలోనే ఉండొచ్చు.

ఆయన తన తప్పు ఒప్పుకోవాలని పట్టుబట్టకండి. ఒక్క పని అడగండి: "మీరే వచ్చి అమ్మకు ఇన్సులిన్ వేసుకోమని చెప్పండి, బాబాయ్." ఆవిడ మానేసింది ఆయన మాట మీదే కదా, ఆ మాట ఆయన నోటివెంటే వస్తే ఆవిడకూ తలవంపులు ఉండవు. ఆయన రాకపోయినా ఇన్సులిన్ మాత్రం ఆపొద్దు.

ఆయన వినకపోతే? వారంలోపే ఇంకో పెద్దమనిషిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి, మత్తయి 18లో చెప్పినట్టు. అప్పటికీ అదే బోధ కొనసాగితే బుధవారం కూటం కొన్నాళ్లు వేరొకరికి అప్పగించమని పాస్టర్ గారిని అడగాల్సిందే. బాబాయి మొహం చూసి ఇక్కడ వెనకాడొద్దు. మీ ఆవిడ కృతజ్ఞత గురించి అన్నది సబబే. దానికోసం ఊరుకోమనడం మాత్రం కాదు. ఆవిడను కూడా కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పండి, ఆడవాళ్ల కూటంలో ఎవరెవరు మందులు మానేశారో మీకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.

ఒకవేళ పాస్టర్ గారు కూడా బాబాయి మాటే అంటే, మీ సంఘం ఏ డయాసిస్ (బిషప్ పరిధి) కిందో, ఏ మిషన్ కిందో ఉంటే వాళ్ల పెద్దలకు రాతపూర్వకంగా తెలపండి. స్వతంత్ర సంఘమైతే ఆ మార్గం లేదు, అమ్మను కొన్నాళ్లు విజయవాడలో మీ దగ్గరే ఉంచుకోండి.