ఐసీయూ కోసం చేసిన పరికరం: కంపెనీ ముందా, పోస్టర్ ముందా?

ప్రశ్న: ప్రభుత్వ వైద్య కళాశాలలో అనస్థీషియా అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. యూరోబ్యాగ్ (మూత్రం చేరే సంచి) బరువును బట్టి గంటకు ఎంత మూత్రం వచ్చిందో చూపే పరికరం ఒకటి ఇంజనీరింగ్ విద్యార్థులతో కలిసి చేశాం. వచ్చే నెల సదస్సులో పోస్టర్ పెడుతున్నాం. కంపెనీ ఎప్పుడు పెట్టాలి?

జవాబు: కంపెనీకి తొందర లేదు డాక్టర్ గారూ, తొందరంతా ఆ పోస్టర్ దగ్గరే. అబ్‌స్ట్రాక్టుల పుస్తకం ఆన్‌లైన్‌లోకి వచ్చిన రోజే మీ ఆలోచన బయటపడినట్టు లెక్క. మన పేటెంట్ చట్టం సెక్షన్ 31లో పండిత సభల్లో చదివిన పత్రాలకు 12 నెలల వెసులుబాటు ఉంది గానీ దాన్ని నమ్ముకోకండి. పోస్టర్ విషయంలో యూరప్‌లో ఆ వెసులుబాటు దొరకదు. అబ్‌స్ట్రాక్ట్ అచ్చుకాకముందే ఫారం 1, ఫారం 2తో ప్రొవిజనల్, అంటే తేదీని ఖాయం చేసే తొలి పేటెంట్ దరఖాస్తు, దాఖలు చేయండి. ఆన్‌లైన్‌లో అయితే వ్యక్తులకు ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, అటార్నీ ఖర్చు వేరు. ఆపైన 12 నెలల్లోగా కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ, మీరు హక్కు కోరే అంశాలైన క్లెయిములు) వేయాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు అబ్‌స్ట్రాక్టునే ప్రొవిజనల్‌గా అతికించేయడం. అందులో రాయనిదానికి ఆ తేదీ వర్తించదు. లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సరు) ఎక్కడ, కొక్కెం ఎలా ఉంది, బ్యాగ్ ఖాళీ చేసినట్టు పరికరం ఎలా గుర్తుపడుతుంది, బరువుకు బదులు చుక్కలు లెక్కపెట్టే మార్గం ఉందా, ఇవన్నీ బొమ్మలతో సహా రాయండి. 'కిడ్నీ దెబ్బతిన్నట్టు కనిపెట్టే పద్ధతి' అని క్లెయిమ్ చేస్తే సెక్షన్ 3(ఐ) కింద పోతుంది, రోగనిర్ధారణ పద్ధతులకు మన దగ్గర పేటెంట్ లేదు. క్లెయిమ్ పరికరం నిర్మాణం మీద ఉండాలి.

విద్యార్థుల చేత హక్కుల బదిలీ పత్రం మీద ఇప్పుడే సంతకాలు పెట్టించండి. వాళ్లు పాసై ఒకరు బెంగళూరు, ఇంకొకరు డల్లాస్ చేరాక ఆ కాగితాల కోసం తిరగడం నరకం. పెట్టుబడిదారుడి లాయరు ముందు అడిగేది అదే. రెండు కాలేజీల ఐపీ (మేధో సంపత్తి) పాలసీలూ చదవండి. పేటెంట్ కాలేజీదైతే కంపెనీకి లైసెన్సు ఒప్పందం కావాలి, అది డబ్బు రాకముందే రాసుకోవాలి.

ఇక పరికరం. 60 కిలోల రోగికి గంటకు కిలోకు 0.5 మి.లీ. అంటే 30 మి.లీ. వరసగా 6 గంటలు అంతకన్నా తక్కువ వస్తే కిడ్నీ దెబ్బతింటోందని అనుమానిస్తారు. లోడ్ సెల్ గంటలో 10 గ్రాములు పైకి జరిగితే మీ అంకెలో మూడో వంతు అబద్ధం, అదీ ప్రమాదాన్ని కప్పిపుచ్చే వైపు అబద్ధం. విద్యార్థి ప్రాజెక్టుల్లో లోడ్ సెల్ రీడింగును అంకెలుగా మార్చేందుకు వాడే హెచ్‌ఎక్స్711 బోర్డుతో ఇది మామూలే. ఏసీ గదిలో కిలో తూకపురాయి 12 గంటలు వేలాడదీసి రీడింగ్ రాసుకోండి. వార్డులో ఇంకా ఉంటాయి: మంచం దించితే బ్యాగ్ రెయిలుకు ఆనుతుంది, ట్యూబు బిగుసుకుంటే బరువులో కొంత అదే మోస్తుంది. ట్యూబు కిందికి వంగిన చోట నిలిచిన మూత్రం నర్సు ఎత్తగానే ఒక్కసారిగా దిగుతుంది, పరికరం దాన్ని ఆ గంట లెక్కలో వేసేస్తుంది. కొలజాడీతో పక్కపక్కన పోల్చిన పట్టిక లేకుండా గ్రాంటు సమీక్షకు వెళ్లొద్దు.

మీ అసలు పోటీ యూరోమీటర్ బ్యాగు (గంటగంటకూ కొలిచేందుకు గీతల గది ఉన్న మూత్రపు సంచి), నర్సు పెన్నూ. కనీసం 30 మంది స్టాఫ్ నర్సులతో, ఇంటెన్సివిస్టులతో, కొనుగోలు విభాగం వాళ్లతో మాట్లాడండి. 'ఇది బాగుందా' అని అడగొద్దు, బాగుందనే అంటారు. నిన్న రాత్రి షిఫ్టులో చార్టు ఎలా నింపారో చూపించమనండి. ప్రభుత్వాసుపత్రుల కొనుగోళ్లు తెలంగాణలో టీజీఎంఎస్‌ఐడీసీ, ఆంధ్రలో ఏపీఎంఎస్‌ఐడీసీ అనే ప్రభుత్వ సంస్థల టెండర్లతో జరుగుతాయి. తక్కువ ధర పెట్టినవాడిదే ఆర్డరు కాబట్టి మొదటి అమ్మకాలు ప్రైవేటు ఐసీయూల్లో చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

'మూత్రం పరిమాణం చూపుతుంది' అన్న ఒక్క వాక్యానికి పరిమితమవండి. 'కిడ్నీ వైఫల్యం గురించి హెచ్చరిస్తుంది' అని చేరిస్తే క్లాసూ (ప్రమాదాన్ని బట్టి ఏ నుంచి డీ వరకు ఇచ్చే వర్గం), చూపాల్సిన ఆధారాలూ రెండూ పెరగొచ్చు. వైద్య పరికరాల నియమాలు 2017 ప్రకారం పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారుచేయడానికి ఎండీ-12 దరఖాస్తు, ఎండీ-13 అనుమతి. తర్వాత అమ్మకానికి ఏ, బీ క్లాసులైతే రాష్ట్ర అధికారి నుంచి ఎండీ-5 లైసెన్సు, సీ, డీ అయితే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ నుంచి ఎండీ-9. రోగుల మీద అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు చేయండి. ఐఈసీ 60601-1 విద్యుత్ భద్రతా పరీక్షలకూ ఈఎంసీకీ (ఇతర పరికరాలతో విద్యుదయస్కాంత జోక్యం లేదని చూసే పరీక్ష) విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ల్యాబులున్నాయి. ఈఎంసీలో తప్పితే బోర్డు మళ్లీ గీయాలి, ఆ డబ్బూ ఆ నెలలూ బడ్జెట్‌లో ముందే పెట్టుకోండి.

కంపెనీ సంగతి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింది సంస్థ బిరాక్ వారి బిగ్ గ్రాంటు 18 నెలలకు గరిష్ఠంగా 50 లక్షలు, మైలురాళ్లను బట్టి విడతలుగా ఇస్తారు. వ్యక్తిగానూ దరఖాస్తు చేయొచ్చు, ఎంపికైతే కంపెనీ నమోదు చేసుకోవాలి. సాధారణంగా జనవరిలో, జులైలో పిలుస్తారు. హైదరాబాద్‌లో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దీనికి భాగస్వామి, దరఖాస్తు రాసే ముందు వాళ్లతో మాట్లాడండి. ముందే కంపెనీ పెడితే అమ్మకాలు లేని ఏడాదికీ ఆడిట్ చేయించాలి, కంపెనీల రిజిస్ట్రార్ (ఆర్‌ఓసీ) దగ్గర రిటర్నులు వేయాలి.

వాటాల్లో మీరు ఆసుపత్రి మానకుండా 70 శాతం ఉంచుకుంటే, రోజంతా పనిచేసే ఇంజనీరు నిలవడు. అందరి వాటాలూ నాలుగేళ్ల వెస్టింగ్‌లో (పనిచేసిన కాలాన్ని బట్టి వాటా దక్కే పద్ధతి), మొదటి ఏడాది పూర్తయ్యాకే మొదలయ్యేలా పెట్టండి. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి డైరెక్టరుగా చేరడానికి రాతపూర్వక అనుమతి తప్పదు. వైద్యులు కంపెనీలు పెట్టేందుకు ఐసీఎంఆర్ 2022లో విధానం తెచ్చింది. కానీ మీ సర్వీసు రూల్సు రాష్ట్రానివి, ఆ విధానం ప్రతిని జతచేసి ఎన్‌ఓసీ ఫైలు ప్రిన్సిపాల్ ద్వారా ఈ వారమే పంపండి, అన్నిటికన్నా నెమ్మదిగా కదిలేది ఆ ఫైలే.