పేస్‌మేకర్ పెట్టారు, ఇక చెయ్యి కదపకూడదా?

ప్రశ్న: గుండె జబ్బుల వార్డులో స్టాఫ్ నర్సుని. పేస్‌మేకర్ (గుండె లయ తప్పకుండా చూసే చిన్న పరికరం) అమర్చినవాళ్లకు డిశ్చార్జి రోజున జాగ్రత్తలన్నీ చెబుతాను. అందరూ తలూపుతారు. నెల తిరిగేసరికి కొందరు భుజం బిగుసుకుపోయి వస్తున్నారు. నా చెప్పడంలో లోపం ఎక్కడుంది?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: మన పెద్దవాళ్లు ఆస్పత్రిలో మర్యాద కోసం తలూపుతారమ్మా, అర్థమై కాదు. పైగా డిశ్చార్జి రోజున బిల్లు, మందులు, ఆటో హడావిడిలో ఏదీ బుర్రకెక్కదు. ఆపరేషన్ ముందు రోజే మొదలుపెట్టి, రోజుకు రెండు విషయాలు చెప్పండి. మంచం పక్కన కూర్చోండి. కొడుకు ఎదురుగా ఉన్నా, పేషెంటు అయిన పెద్దావిడ ముఖం చూసి "అమ్మా, మీకు..." అంటూ ఆవిడతోనే మాట్లాడండి.

భుజం బిగుసుకోవడానికి చాలాసార్లు "చెయ్యి ఎత్తకండి" అన్న మాటే కారణం. ఎందుకు, ఎంత ఎత్తు, ఎన్నాళ్లు అన్నది చెప్పకపోతే, భయంతో చేతిని ఒంటికి అంటించుకుని కూర్చుంటారు. పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్లే వైరు కొస గుండె కండరంలో కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా చెయ్యి గుంజితే జారవచ్చని చెప్పండి. సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఆ వైపు మోచెయ్యి భుజం ఎత్తు దాటకూడదు, 5 కిలోలకు మించి ఎత్తకూడదు. అంటే జడ వేసుకోవడం, దండెం మీద బట్టలు ఆరేయడం, నీళ్ల బిందె ఎత్తడం వద్దు. కూరగాయలు తరగడం, పళ్లెం పట్టుకోవడం, చేతులు ఊపుతూ నడవడం మాత్రం మొదటి వారం నుంచే చేయాలి. జాకెట్టు పట్టీ కుట్ల మీద రాసుకుంటుంది. ఆ సంగతి ఆవిడ నోటితో అడగలేదు, మీరే ఎత్తండి.

"అర్థమైందా?" అంటే అవుననే అంటారు. దాని బదులు, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా, ఇంటికెళ్లాక బట్టలెవరు ఆరేస్తారో, తల ఎవరు దువ్వుతారో చెప్పండి" అనండి. ఆవిడ జవాబులో తేడా కనిపిస్తే అదే మాట గట్టిగా చెప్పకండి, వేరే మాటల్లో మళ్లీ చెప్పండి.

ఇక "బ్యాటరీ" అనే మాట. పేస్‌మేకర్‌ని అందరం అలాగే అంటాం. కానీ ఫోనులా ఓ రాత్రి ఠక్కున ఆగిపోతుందనే భయం దానితోనే వస్తుంది. వాడకాన్ని బట్టి 8 నుంచి 12 ఏళ్లు వస్తుందనీ, అయిపోయే కొన్ని నెలల ముందే చెకప్ మిషన్‌లో తెలుస్తుందనీ, అందుకే చెకప్ మానకూడదనీ చెప్పండి. నమూనా డబ్బీ ఉంటే చేతిలో పెట్టి బరువు చూడనివ్వండి.

"ఫోన్ వాడొద్దు" అనకండి. ఎడమవైపు పెట్టినవాళ్లు కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి, చొక్కా జేబులో పెట్టుకోకూడదు. ఛాతీ మీద నుంచి జానెడు దూరం మీ చేత్తో కొలిచి చూపండి. కావలసింది 15 సెంటీమీటర్లే. ఇండక్షన్ స్టవ్‌కి మాత్రం 2 అడుగుల దూరం. మిక్సీ, టీవీ మామూలుగా వాడుకోవచ్చు.

ప్రశ్న: నాన్నగారికి ఐసీడీ (గుండె ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) పెట్టారు. కంగారు పడతారని, షాక్ సంగతి ఆయనకు చెప్పొద్దని డాక్టరుగారిని బతిమాలాం. మంచిదేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదండీ. ముందు తెలియకపోతే, ఛాతీ మీద ఎవరో తన్నినట్టు వచ్చే ఆ షాక్‌కి ఆయన ఇంకా హడలిపోతారు. "షాక్ గురించి ఇప్పుడు చెప్పమంటారా, రేపు మాట్లాడుకుందామా?" అని ఆయన్నే అడగమనండి. ఒక్క షాక్ వచ్చి తేరుకుంటే అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఒకే రోజులో రెండు వచ్చినా, ఒక్కదానికే స్పృహ తప్పినా, ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నా 108కి చేయాలి. ఐసీడీ కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. షాక్ వచ్చేటప్పుడు పట్టుకున్నవాళ్లకు కాస్త జివ్వుమనవచ్చు, అంతకు మించి హాని లేదు. తాతయ్యని పట్టుకోవడానికి భయపడక్కర్లేదని మనవలకీ చెప్పండి.