బండి సందేహాలు: ఘాటీ ఎక్కుతుంటే ఏసీ ఆగిపోతోంది, గేర్లూ మాట వినడం లేదు

ప్రశ్న (సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా): అన్నా, మాది టెంట్ హౌస్. పోయిన దసరాకి డబుల్ క్యాబిన్ పికప్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను, డీజిల్, ఆటోమేటిక్. వెనక రెండు చక్రాల ట్రైలర్ మీద జనరేటర్ తగిలించుకుని సాలూరు, బొబ్బిలి వైపు పెళ్లిళ్లకి దిగుతాం. దిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగి సుంకి ఘాటీ ఎక్కుతుంటే సగం దారిలో ఏసీ వేడి గాలి కొడుతుంది, పవర్ మోడ్ లైటు దానంతటదే ఆరిపోతుంది, గేరు పడుతూ లేస్తూ బండి ఊగిపోతుంది. పక్కన ఆపి టీ తాగి వస్తే అంతా మామూలే. టెంపరేచర్ ముల్లు మాత్రం ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. రెండుసార్లు గ్యాస్ పట్టించాను, ఇప్పుడు ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ మార్చాలంటున్నారు. పవర్ మోడ్ అంటే టోయింగ్ మోడే (ట్రైలర్ లాగడానికి పెట్టిన మోడే) అని అమ్మినాయన చెప్పాడు, నిజమేనా? ఇంకొకటి, ట్రైలర్ తగిలించాక ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మినుకుమంటోంది. ఏది ముందు చూపించాలి?

జవాబు: తమ్ముడూ, కంప్రెసర్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకు. నీ ఉత్తరంలో అసలు సంగతి టీ తాగడం దగ్గర ఉంది. ఏసీ, పవర్ మోడ్, గేర్లు మూడూ ఒకే ఎక్కుడులో తిరగబడుతున్నాయి, బండి చల్లారగానే మూడూ కలిసే దారికొస్తున్నాయి. గ్యాస్ తక్కువైతే ఊళ్లో తిరిగేటప్పుడు కూడా ఏసీ నీరసంగానే ఉంటుంది, కంప్రెసర్ లోపల అరిగిపోతే టీ తాగేలోపు బాగుపడదు. ఇది వేడి తెచ్చిన తంటా. ఇంజిన్ మరీ వేడెక్కిందని తెలిసిన వెంటనే బండి కంప్యూటర్ ముందుగా ఆపేది ఏసీనే, ఎందుకంటే కంప్రెసర్ ఇంజిన్ బలాన్ని తింటుంది, పైగా రేడియేటర్‌కి ముందున్న కండెన్సర్, అంటే ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే జాలీ, తన వేడినంతా వెనక్కి రేడియేటర్ మీదకే వదులుతుంది. కాబట్టి మీ ఏసీ చెడిపోయిందని ఇంకా అనుకోకు, ఇంజిన్‌ని కాపాడటానికి దాన్ని కంప్యూటరే ఆపుతోంది.

మరి ముల్లు ఎందుకు కదలదు అంటావా? ఈ కాలపు బండ్లలో చాలావాటికి ఆ ముల్లు నిజం మొత్తం చెప్పదు, కొంత వేడి పెరిగినా తగ్గినా మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే పెడతారు, అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ బండి కంప్యూటర్‌ని చదివే చోటు) పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కో, ఫోన్‌లో యాప్ వేసుకుంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) వేడి అంకెల్లో కనిపిస్తుంది. పి.కోనవలస దాటిన దగ్గర్నుంచి పక్క సీట్లో కూర్చున్నవాళ్లని ఆ అంకె చూస్తూ ఉండమను, నువ్వు చూడకు, ఆ మలుపుల్లో నీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. మామూలుగా 90, 100 డిగ్రీల మధ్య ఉండాల్సింది 110 దాటి, సరిగ్గా అప్పుడే ఏసీ ఆగితే ఇక అనుమానం లేదు. కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు కూడా చదివించు. పీ0217 వస్తే ఇంజిన్ వేడి, పీ0218 వస్తే గేర్‌బాక్స్ ఆయిల్ వేడి.

తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం జేబులో పెట్టుకుని, బానెట్ ఎత్తి ఫ్యాన్‌ని చేత్తో తిప్పు. ఇంజిన్‌తో పాటు తిరిగే విస్కస్ ఫ్యాన్ అయితే కాస్త బిగువుగా తిరిగి ఆగాలి. వదిలేశాక కూడా గిర్రున తిరుగుతూనే ఉన్నా, మధ్య బిళ్ల చుట్టూ జిడ్డు చారలు కనిపించినా ఫ్యాన్‌ని ఇంజిన్‌తో కలిపే ఆ బిళ్ల, అంటే ఫ్యాన్ క్లచ్, పోయినట్టే. వేగంగా వెళ్తుంటే ఎదురుగాలి ఆ లోటు కప్పేస్తుంది, ఘాటీలో జనరేటర్ లాగుతూ 20, 25 వేగంతో ఎక్కుతుంటే ఆ గాలి ఉండదు, అందుకే జబ్బు అక్కడే బయటపడుతోంది.

ఇంకో చోటు చాలామంది చూడరు, కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే ఉంటుంది. జయపురంలో నా దగ్గరికి ఇలాంటి కంప్లయింటుతోనే వచ్చిన ఒక బండికి కండెన్సర్ ఊడదీసి చూస్తే, రేడియేటర్ మొహం నిండా మన ఎర్రదుమ్ము, గడ్డి గింజలు, ఎండిన పురుగులు కలిసి కంబళి ముక్కలా అతుక్కుపోయి ఉన్నాయి, గోరుతో లాగితే పొరపొరలుగా ఊడి వచ్చింది. అప్పటికే దానికి కంప్రెసర్ మార్చేశారు, ఆ ఇంటివాళ్ల డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. టార్చి వేసి పై నుంచి ఆ సందులోకి చూడు. మట్టి ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి నెమ్మదిగా నీళ్లు పట్టించు, సర్వీస్ స్టేషన్ ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకు, ఆ పల్చటి రేకులు వంగిపోతే గాలి దూరే దారే ఉండదు.

రెండుసార్లు గ్యాస్ పట్టించానన్నావు, అది నాకు టెన్షన్‌గా ఉంది. గ్యాస్ ఎక్కువైనా ఏసీ చల్లబడదు, ప్రెజర్ పెరిగి కంప్రెసర్ ఆగిపోతుంది, ఎండలో ఎక్కుతున్నప్పుడైతే ఇంకా త్వరగా. మీ బండికి ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఉన్నదంతా మెషీన్‌తో తీయించి, పైపుల్లో గాలి మిగలకుండా వాక్యూమ్ పెట్టించి, తూకం వేసి ఆ గ్రాములే నింపమను. గేజ్ చూసి అందాజుగా కొట్టేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకు.

ఇక పవర్ మోడ్, అది టోయింగ్ మోడ్ కాదు. అమెరికాలో అమ్మే పెద్ద పికప్‌లకి టో-హాల్ అని వేరే బటన్ ఉంటుంది. అది నొక్కితే గేరు త్వరగా పైకి మారదు, దిగుడులో బ్రేకు తొక్కితే తనే కింది గేరుకి వచ్చి ఇంజిన్‌తో బండిని పట్టి ఉంచుతుంది. మన పవర్ మోడ్ ముఖ్యంగా యాక్సిలరేటర్‌ని చురుగ్గా చేస్తుంది, దిగుడులో అది బండిని ఆపుతుందని నమ్ముకుని సాలూరు వైపు దిగకు. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా లివర్‌ని మాన్యువల్ వైపు తోసి 2 లోనో 3 లోనో నువ్వే పట్టి ఉంచు. గేరు పడుతూ లేస్తూ ఉంటే ప్రతిసారీ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంకాస్త కాగుతుంది, కాగేకొద్దీ గేర్లు ఇంకా తడబడతాయి, కొన్ని బండ్లలో కంప్యూటర్ అప్పుడే మోడ్ కూడా తీసేస్తుంది. ఆ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వస్తుంటే మార్పించు. లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు అని ఎవరైనా అంటే, ట్రైలర్ లాగే బండికి ఆ మాట వర్తించదని చెప్పు.

ఇండికేటర్‌తో బ్రేక్ లైటు మినుకుమనడం దాదాపు ఎప్పుడూ ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) లోపమే. ట్రైలర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, లేదా ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన బోల్టు కింద తుప్పు ఉంటుంది. గీకి, మెరిసే ఇనుము కనిపించాక బిగించు. ఇది ముందు చేయించు, ఖర్చు లేదు, వెనకొచ్చే లారీవాడికి నీ బ్రేకు కనపడాలి. జనరేటర్ కూడా ఇరుసుకి వెనకగా కూర్చుని ఉంటే కొంచెం ముందుకి జరిపించు, ట్రైలర్ మొత్తం బరువులో సుమారు పదో వంతు హుక్ మీద పడాలి, లేకపోతే మలుపులో తోక ఊపుతుంది. మొత్తం బరువు బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన టోయింగ్ లిమిట్ దాటిందేమో కూడా ఒకసారి వేబ్రిడ్జి మీద పెట్టి చూసుకో.

ప్రశ్న (సిరొంచా, గడ్చిరోలి జిల్లా): మా పికప్‌లో ఏసీ బ్లోయర్ 4వ నంబర్‌లో మాత్రమే తిరుగుతుంది. 1, 2, 3 పెడితే గాలే లేదు. మోటార్ మార్చాలా?

జవాబు: మోటార్ బాగుంది కాబట్టే 4లో తిరుగుతోంది. పోయింది బ్లోయర్ రెసిస్టర్, అంటే తక్కువ నంబర్లలో మోటార్‌కి కరెంటు తగ్గించే ముక్క. డ్యాష్‌బోర్డు కింద, మోటార్ పక్కనే ఉంటుంది, చిన్న వస్తువు. మార్చేటప్పుడు దాని ప్లగ్ మాడిందేమో, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడండి. గాలి ఆడకపోతే రెసిస్టర్ వేడెక్కి కాలుతుంది, మూసుకుపోయిన ఫిల్టర్ మార్చకపోతే కొత్తదీ మళ్లీ పోవచ్చు.

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా): పికప్ కొనబోతున్నాను. ఏసీ అసలు వాడలేదు, కొత్తదానిలా ఉందని ఓనరు గారు అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఓనరు గారు నిజమే చెబుతుండవచ్చు, కానీ వాడకపోవడం ఏసీకి మంచిది కాదు. కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది, నెలల తరబడి వేయకపోతే సీళ్లు ఎండి గ్యాస్ కారిపోతుంది. పైపుల జాయింట్ల దగ్గర వేలు పెట్టి చూడండి, జిడ్డుగా దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ కారుతున్నట్టే. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, 20 నిమిషాలు ఏసీ నడిపించి, మధ్య గ్రిల్‌లో థర్మామీటర్ పెట్టండి, బయటికంటే 15 డిగ్రీలైనా తగ్గాలి. టిక్ టిక్ మని డ్యాష్‌బోర్డు లోపల చప్పుడు వస్తే వేడి, చల్లగాలి మార్చే మూత తాలూకు చిన్న మోటార్ పోయినట్టు, ధరలో అది తగ్గించమనండి. తర్వాత వెనక బంపర్ కిందకి వంగి చూడండి. హుక్ ఇప్పుడు లేకపోయినా బోల్టు రంధ్రాలు, గీతలు కనిపిస్తే ఆ బండి ట్రైలర్ లాగిందని అర్థం, అప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి.