ఇద్దరు కార్నార్వన్లు

ప్రశ్న: ఈజిప్టు ఫారో తూతన్‌ఖామూన్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్, కెనడా సమాఖ్య చట్టాన్ని బ్రిటిష్ పార్లమెంటులో ప్రవేశపెట్టిన లార్డ్ కార్నార్వన్ ఒకరేనా?

జవాబు: కాదు, తండ్రీకొడుకులు. 1922లో బయటపడిన సమాధికి ఖర్చు భరించినవాడు అయిదో ఎర్ల్ (ఎర్ల్ అనేది బ్రిటిష్ ప్రభువుల బిరుదు). మీరడిగిన రాజకీయవేత్త ఆయన తండ్రి, నాలుగో ఎర్ల్ అయిన హెన్రీ హెర్బర్ట్ (1831–1890). బిరుదు తండ్రి నుంచి కొడుక్కి పోతుంది కనుక పుస్తకాల్లో ఇద్దరూ ఒకే పేరుతో కనిపిస్తారు.

పద్దెనిమిదో ఏట తండ్రి మరణించడంతో హైక్లియర్ ఎస్టేటూ, బిరుదూ, వాటితోపాటు ఓటరు ముఖం చూడనక్కరలేని ప్రభువుల సభ (పార్లమెంటు ఎగువ సభ) స్థానమూ హెన్రీకి సంక్రమించాయి. 1866లో వలసల మంత్రి అయ్యాడు. ఆ డిసెంబరులో కెనడా (అప్పటికది ఒక వలస మాత్రమే), నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ అనే ఉత్తర అమెరికా వలసల ప్రతినిధులు లండన్‌లోని ఒక హోటల్లో కూర్చుని ఖరారు చేసుకున్న ఏర్పాటునే బిల్లుగా రూపొందించి, 1867 ఫిబ్రవరిలో ప్రభువుల సభ ముందుంచాడు. విచిత్రమేమంటే, మార్చి 29న దానికి రాణి ఆమోదం లభించేనాటికి ఆయన మంత్రిగా లేడు. పట్టణ కార్మికులకు ఓటుహక్కు విస్తరించాలన్న సహచర మంత్రి డిజ్రేలీ ప్రతిపాదన నచ్చక, అంతకు కొద్ది వారాల ముందే రాజీనామా చేశాడు. దూరదేశపు వలసలకు స్వపరిపాలన ఇవ్వడానికి వెనుకాడనివాడు సొంత ఊళ్ల కార్మికులకు ఓటివ్వడానికి జంకాడన్నమాట.

1874లో మళ్లీ అదే శాఖ చేపట్టి, కెనడా నమూనాను దక్షిణాఫ్రికాకు తగిలించబోయి దెబ్బతిన్నాడు. కెనడాలో కలవాలన్న పట్టుదల ప్రధానంగా అక్కడి నాయకులది (నోవా స్కోషియా మాత్రం తొలి ఎన్నికల్లో 19 స్థానాలకు 18 చోట్ల సమాఖ్య వ్యతిరేకులనే గెలిపించింది). దక్షిణాఫ్రికాలో ఆ పట్టుదల లండన్‌ది. అక్కడి బ్రిటిష్ వలస కేప్ కాలనీ ప్రధాని మాల్టేనో ససేమిరా అన్నాడు. అయినా 1877 ఏప్రిల్ 12న, పాతికమంది గుర్రపు పోలీసులను వెంటబెట్టుకుని ప్రిటోరియా చేరిన కార్నార్వన్ ప్రతినిధి షెప్‌స్టన్, బోయర్ల (డచ్చి సంతతి వలసదారుల) రాజ్యమైన ట్రాన్స్‌వాల్ ఇకపై బ్రిటిష్ భూభాగమని ప్రకటించాడు. మరుసటి జనవరిలో టర్కీలోని డార్డనెల్స్ జలసంధికి నౌకాదళాన్ని పంపడాన్ని వ్యతిరేకిస్తూ కార్నార్వన్ మరోసారి రాజీనామా చేయగా, 1879 నాటి జూలూ యుద్ధమూ 1880 నాటి బోయర్ల తిరుగుబాటూ తర్వాతివారి నెత్తిన పడ్డాయి. 1881లో ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

అన్నట్టు, 1885లో ఐర్లండ్ వైస్రాయిగా ఉంటూ, లండన్‌లో ఖాళీగా ఉన్న ఒక ఇంట్లో ఐరిష్ నాయకుడు పార్నెల్‌ను రహస్యంగా కలిసి స్వపరిపాలన గురించి మాట్లాడింది కూడా ఈ తండ్రి కార్నార్వనే.